రామప్ప రాయని పేరు

మా ఆఫీసులో రామప్పన్నకు లొంగనివి రెండే. ఒకటి గోడ గడియారం, రెండోది నా నోరు. గడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడేది, ఆయన రోజూ దాన్ని తిట్టి ముల్లు సరిచేసేవాడు. నన్ను సరిచేయడం మాత్రం మొదటి నెలలోనే మానుకున్నాడు.

నా పేరు సుశీలమ్మ, మాది పుంగనూరు. 1976లో మదనపల్లెలో ఒక గవర్నమెంటు కాలేజీలో టైపిస్టుగా చేరాను. నా టేబులుకు ఎదురుగా ఆయన టేబులు. ఆయన హాజరు గుమాస్తా. సాయంత్రం నాలుగున్నరకు లెక్చరర్ల దగ్గరనుంచి హాజరు పట్టీలు తెప్పించుకుని, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చూసుకోవడం ఆయన పని. సొంత ఊరు కుప్పం. భార్య రాజమ్మ అక్కడే ఉండి ఎకరన్నర చేను చూసుకునేది. శనివారం మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట దాటి ఇల్లు చేరేసరికి పొద్దు గూకేది. సోమవారం గంట కొట్టేసరికి మళ్లీ టేబులు దగ్గరుండేవాడు. నేను చేరేనాటికే ఎనిమిదేళ్లుగా కుప్పానికి బదిలీ అడుగుతూ ఉన్నాడు. అడిగిన ప్రతిసారీ అక్కడ ఖాళీ లేదనే జవాబు వచ్చేది.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. యూనివర్సిటీ వాళ్లు ఇంగ్లీషులో అచ్చు వేసి పంపిన రూల్సు పుస్తకాన్ని మొత్తం తెలుగులో తిరగరాసుకున్నాడు, రెండు వందల పేజీల నోటుబుక్కులో, నీలం సిరాతో. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాడు పరీక్షకు కూర్చోకూడదు. ఇది అందరికీ తెలిసిన రూలు. ఆ తరువాత చిన్న అక్షరాల్లో ఏముందో కాలేజీ మొత్తం మీద ఆయనొక్కడికే తెలుసు. తంబళ్లపల్లె పిల్లవాడొకడు తండ్రి బావిలో పడి నడుం విరగ్గొట్టుకుంటే రెండు నెలలు రాలేదు. వెంకటగిరికోట నుంచి వచ్చే మరొకడికి బస్సు బోల్తాపడి కాలు విరిగింది. ఒకమ్మాయి సంక్రాంతి ముందర కాన్పయి చంటిబిడ్డతో వచ్చి నిలబడింది. ముగ్గురినీ పరీక్షకు కూర్చోబెట్టాడు. ఎవరి చెయ్యీ తడపలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. అర్జీ ఎట్లా రాయాలో, దాని వెనక ఏ కాగితం కుట్టాలో, ఏ తేదీ లోపల పంపాలో చెప్పేవాడు, అంతే.

"రూలంటే గోడని అనుకుంటారు అందరూ," అనేవాడు. "ప్రతి గోడకూ వాకిలి ఉంటాదమ్మా. అది యాడుండాదో తెలీనోడు తల కొట్టుకుంటాడు."

ఎంత మంచివాడో అంత మొండివాడు. దొంగ కాగితం చూస్తే ఒంటికాలి మీద లేచేవాడు. మార్చి వచ్చిందంటే మా కాలేజీలో సగం మందికి కామెర్లు. సర్టిఫికెట్లన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా. తెచ్చిన పిల్లవాణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి, కనురెప్ప కిందికి లాగి చూసేవాడు. "కండ్లు మల్లెపూలట్ల ఉండాయే, కామెర్లు యాడికి పోయినాయప్పా?" అని అడిగేవాడు. వాడు నేలచూపులు చూసేవాడు. నాకు నవ్వు ఆగేది కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏ కాగితాన్నీ రాయకుండా వదలని ఆ మనిషి ఒక్కసారి రాయవలసింది రాయలేదు. అది 1979లో.

ఆ ఏడు బుజ్జమ్మ బి.ఏ. చివరి సంవత్సరం. పెద్దపంజాణి దగ్గరి పల్లె, కూలి చేసుకునే కుటుంబం. వాళ్ల పల్లెలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. గవర్నమెంటు హాస్టల్లో ఉండి చదివేది. ఫిబ్రవరి పద్నాలుగున స్కాలర్‌షిప్పు కాగితం మీద సంతకానికి మా గదిలోకి వచ్చింది. ముఖం కమిలిపోయి ఉంది, నుదుటి మీద, చెంపల మీద నీటి పొక్కులు. ఎవరూ చెప్పనక్కరలేకుండానే మాకు అర్థమైంది. చిన్నమ్మవారు పోసింది.

మా ప్రాంతంలో దాన్ని జబ్బు అనరు. తల్లి వచ్చింది అంటారు. మందు వాడరు, డాక్టరును పిలవరు, వాకిట్లో వేపమండలు కట్టి, చల్లటివి పెట్టి, మూడో స్నానం అయ్యేదాకా ఇంట్లోవాళ్లు గడప దాటరు. రామప్పన్న కుర్చీలోంచి లేచాడు. చెప్పులు విడిచాడు. కూతురి వయసున్న పిల్లకు రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఈ రోజు ఎదురైనా జోడిస్తాను.

"ఇంటికి పోమ్మా," అన్నాడు. "ఈడ ఉండగూడదు. చల్లగా పోయిరా తల్లీ."

ఆ పిల్ల పుంగనూరు బస్సెక్కి వెళ్లిపోయింది. పొక్కులు ఎండినాక తమ్ముడికి పోసింది. ఇంటిల్లిపాదికీ స్నానాలు అయ్యేదాకా కదలకూడదు కాబట్టి ఆమె మళ్లీ కాలేజీలో కనబడింది మార్చి పన్నెండున. ఆ సాయంత్రం రామప్పన్న ఆమె పేరు మీద వేలు పెట్టి చూశాడు. అరవై ఆరు శాతం తేలింది.

అరవై అయిదుకూ డెబ్బై అయిదుకూ నడుమ పడినవాళ్లను యూనివర్సిటీ క్షమించవచ్చు. కానీ వైద్యం చేసిన డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. అమ్మవారికి డాక్టరెక్కడ? రామప్పన్న పెద్దాసుపత్రికి వెళ్లి అడిగివచ్చాడు. మచ్చలు చూసి మచ్చలున్నాయని రాయగలను గానీ వైద్యం చేశానని ఎట్లా రాస్తానని ఆ డాక్టరమ్మ అన్నదట. ఆమె మాటా నిజమే. అర్జీలు పంపడానికి మార్చి ఇరవై ఆఖరు తేదీ. ఈ పరీక్ష తప్పితే బుజ్జమ్మకు హాస్టల్లో చోటు పోతుంది, స్కాలర్‌షిప్పు పోతుంది. వచ్చే ఏడు మదనపల్లెలో ఉండి చదివే దారే లేదు. మూడేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

ప్రిన్సిపాలు ఆదినారాయణ గారు మెత్తని మనిషి. బుజ్జమ్మను, ఆమె తల్లి పాపక్కను పిలిపించి, గొంతు తగ్గించి దారి చూపించాడు. "అందరూ తెచ్చేదే గదా. కామెర్లని ఒక సర్టిఫికెట్ తెచ్చుకోండి. నేను సంతకం చేసి పంపిస్తాను."

పాపక్క బక్కపలచని మనిషి. అంతదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ మాటకు ముందుకు వచ్చింది.

"అమ్మోరు పోసింటే కామెర్లని యాల రాస్తారు సామీ? ఇంటికొచ్చిన తల్లిని రాలేదనాల్నా?"

"కాగితం కోసమే గదమ్మా. దేవతకు తెలీదా?"

"తెలుసు గాబట్టే సెప్తాండా. ఇద్దరు బిడ్డల్నీ నాకు ఇడిసిపెట్టి పోయినాది ఆ తల్లి. సదువు పోతే పోనీ సామీ. ఆయమ్మను మాత్రం అబద్ధం సేయను."

బుజ్జమ్మ వైపు చూశాను. ఏడుస్తూ ఉంది గానీ తల్లి మాటకు ఎదురు చెప్పలేదు. "మాయమ్మ సెప్పిందే నా మాట సార్," అంది. ఆ పిల్లను చెంప మీద కొట్టాలనీ, దగ్గరికి తీసుకోవాలనీ ఒకేసారి అనిపించింది నాకు.

విచిత్రం ఏమిటంటే, ఇంత జరుగుతుంటే రామప్పన్న నోరు విప్పలేదు. వాకిలి ఎక్కడుందో చెప్పే మనిషి తలుపు దగ్గర నిలబడి కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. రెండు రోజులు గడియారాన్ని కూడా తిట్టలేదు.

మూడో రోజు, పదిహేనో తేదీ, భోజనాల వేళ గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు ఒక పుస్తకం తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు. ఇంటికి పంపినవాళ్ల పుస్తకం. అంటుజబ్బుతో వచ్చిన విద్యార్థిని కాలేజీయే ఇంటికి పంపితే ఆ రోజే అందులో పేరు, తేదీ, జబ్బు రాయాలి. అట్లా రాసి ఉంటే తిరిగి వచ్చేదాకా గడిచిన రోజులు గైర్హాజరు కింద రావు. డాక్టరు కాగితమూ అక్కరలేదు. ఆ పుస్తకం రాయవలసినవాడు ఆయనే. పేజీ తిప్పి చూపించాడు. ఫిబ్రవరి తొమ్మిదిన గవదబిళ్లలతో వెళ్లిన పిల్లవాడి పేరుంది. దాని కింద పంతొమ్మిదో తేదీ కండ్లకలక. నడుమ పద్నాలుగు లేదు.

"అన్నా!" అన్నాను. "పంపింది మీరే గదా. రాయలేదా?"

"రాయలే."

"మరిచిపోయినారా?"

"మరిసిపోలేదమ్మా. పుస్తకం తెరిస్తి, పెన్ను తీస్తి. జబ్బు పేరు రాసే కాడ నిలిచిపోయినా. తల్లిని జబ్బని ఎట్ల రాసేది? రేపు రాద్దామనుకుంటి. రేపూ చెయ్యి రాలే."

నాకు కోపం నషాళానికి అంటింది. ఊరందరి కాగితాల్లో తప్పులు వెతికే పెద్దమనిషి, ఒక్క గీత గీయక ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టాడా! నోటికొచ్చిన మాటలన్నీ అనేశాను. ఆయన విన్నాడు. తరువాత నేనే, "సరే, ఇప్పుడు రాసేయండి. రెండు పేర్ల మధ్యలో సన్నగా ఇరికించి రాయండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"ఇరికించి రాసింది గుడ్డోడికైనా తెలుస్తాది. ఇది దొంగరాతని తేలితే పాపను మూడేండ్లు పరీక్షలకే రానియ్యరు. తప్పు నాది. నాది నా పేరుతోనే పోవాల."

ఆ పూట ఆయన తెలుగులో చెబుతూ ఉంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. పలానా తేదీన పలానా విద్యార్థినిని రూలు ప్రకారం ఇంటికి పంపినది నేనే. పుస్తకంలో రాయనిదీ నేనే. విద్యార్థిని తప్పు ఏమీ లేదు. దీనికి ఏ శిక్ష వేసినా నాకు సమ్మతమే. నాలుగో వాక్యం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. ఎందుకంటే సరిగ్గా ఆ నెలలోనే కుప్పం జూనియర్ కాలేజీలో గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయింది. బదిలీ జాబితాలో మొదటి పేరు రామప్పన్నదే. ఆ సంగతి నేనే టైపు చేశాను కాబట్టి నాకు తెలుసు. తప్పు ఒప్పుకున్న గుమాస్తాకు అడిగిన ఊరు ఎవరిస్తారు?

"కుప్పం పోతుందన్నా," అన్నాను.

"పోతాది," అన్నాడు. నేను అడగకుండానే చెప్పాడు. ఆయనకొక కూతురు ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. పేరు రెడ్డెమ్మ. 1961లో మూడో తరగతి చదువుతూ ఉంటే పెద్దమ్మవారు, అదే మశూచి, పోసింది. పదిహేనో రోజు పోయింది. దినాలు అయ్యాక పలక తెచ్చుకుందామని ఆయన బడికి వెళ్లాడు. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టి ఉంది. పక్కన, చాలా రోజులుగా బడికి రానందున పేరు తొలగించడమైనది అని రాసి ఉంది.

"రాలేదని రాసినారమ్మా. ఎగ్గొట్టినట్ల. పాప జ్వరంలో కూడా బడి బడి అని కలవరించినాది. అది కొట్టేసి నిజం రాయండని అడిగితి. కాగితమేమన్నా ఉండాదా అన్నారు. యాడిది కాగితం? ఆ పొద్దు నుంచే నాకు ఈ కాగితాల పిచ్చి. మల్లా నా చేతితోనే ఇట్ల జరిగె."

ఆయన కళ్లు తుడుచుకోలేదు, నేను తుడుచుకున్నాను. ఇందాక తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. ఆ మాట పైకి చెప్పే ధైర్యం చాలక ఉత్తరం పూర్తి చేసి చేతికిచ్చాను. అక్షరం తప్పు లేకుండా టైపు చేసిన ఉత్తరం నా ఉద్యోగం మొత్తంలో అదొక్కటే.

ఆదినారాయణ గారు చదివి తల పట్టుకున్నాడు. "నీకేం పిచ్చి పట్టింది రామప్పా," అన్నాడు. అయినా సంతకం పెట్టాడు. పోస్టులో అయితే ఆలస్యమవుతుందని రామప్పన్న తానే మరునాడు యూనివర్సిటీకి తీసుకుపోయాడు. పుస్తకం కూడా సంచిలో పెట్టుకున్నాడు. అక్కడ ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని రెండు గంటలు ప్రశ్నలడిగారట. జబ్బు పేరు రాయడానికి నీకేమిటి అభ్యంతరం అని ఒకాయన అరిచాడట. రామప్పన్న జరిగింది జరిగినట్టు చెప్పాడట, కూతురి సంగతితో సహా. ఇంతకుమించి ఆయన నాకు చెప్పలేదు. గుచ్చిగుచ్చి అడిగితే, "నీళ్లిచ్చినారు, మంచోళ్లే," అన్నాడు.

మార్చి ముప్పైన ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. బుజ్జమ్మను పరీక్షకు అనుమతిస్తున్నట్టు ఒకటి. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన గుమాస్తా మీద చర్య తీసుకొమ్మని మా ప్రిన్సిపాలుకు రెండోది. వారం తిరక్కుండానే పైనుంచి మెమో వచ్చింది. కుప్పం ఉద్యోగం ఎవరో మునిరాజుకు వెళ్లింది. మెమోను తన సర్వీసు పుస్తకంలో ఎక్కించే పని కూడా రామప్పన్నదే. నేను ఎక్కిస్తానంటే వినలేదు. తనే గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకుని, సిరా ఆరేదాకా ఊదాడు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ప్రతి శనివారం అదే సంచితో అదే బస్సెక్కాడు.

బుజ్జమ్మకు అనుమతి వచ్చిన సంగతి చెప్పడానికి పాపక్క దగ్గరికి ఆయనే వెళ్లాడు. ఆమె ఏమన్నదని అడిగాను. "ఏమీ అన్లేదు. అంబలి పోసినాది, తాగొస్తి," అన్నాడు. ముఖం మాత్రం పెళ్లి పెద్దలా వెలిగిపోతూ ఉంది.

ఏప్రిల్లో పరీక్షలు మొదలైన రోజు పొద్దున పది దాటాక ఒకావిడ మా వరండాలోకి వచ్చి నిలబడింది. ఎర్రంచు నేత చీర, చేతిలో మూత గట్టిగా బిగించిన సత్తు టిఫిన్ క్యారియరు. తొలి బస్సుకు కుప్పం నుంచి బయలుదేరి వచ్చిన రాజమ్మక్క. నేను ఆమెను అంతకు ముందెన్నడూ చూడలేదు. భర్త మదనపల్లెలో ఉన్న పదకొండేళ్లలో ఆమె కాలేజీకి రావడం అదే మొదటిసారి.

కుప్పం పోయినందుకు గొడవ పెట్టుకోవడానికి వచ్చిందేమోనని నాకు భయం. ఆమె కోపం న్యాయమే కదా. లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆమె నీళ్లు తాగి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ కాగితం కొట్టింది నువ్వేనా?"

"నేనేనక్కా," అన్నాను, తప్పు చేసినదానిలా.

"ఆ పాప యాడుండాది?"

"లోపల పరీక్ష రాస్తా ఉంది. ఒంటిగంటకు గానీ బయటికి రాదు."

"ఉంటాలే," అని బెంచీ మీద కూర్చుంది. రామప్పన్న లోపలికి వచ్చి భార్యను చూసి నిలబడిపోయాడు. "నువ్వు యాల వస్తివి?" అన్నాడు. ఆమె క్యారియరులో పెరుగన్నం ఉందని, అది ఆయనకు కాదని మాత్రం చెప్పింది.

పరీక్ష మొదలైన అరగంటకు హాలులోంచి విద్యార్థులు సంతకాలు చేసిన హాజరు కాగితాలు మా గదికి వస్తాయి. ఆ రోజూ వచ్చాయి. రామప్పన్న వాటిని టేబులు మీద పరిచి అలవాటు ప్రకారం పేర్ల మీద వేలు నడిపిస్తూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. ఆయన పైకి చూడలేదు, ఎవరినీ పిలవలేదు. రాజమ్మక్కే లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

"ఇదేనా?"

"ఇదే. ఇది అచ్చులో పేరు. ఇది పాప చేసిన సంతకం."

ఆమెకు చదువు రాదు. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆయన వేలున్నచోట తన వేలు పెట్టింది. ఆ నీలం సంతకం మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెల్లగా తడిమింది. అట్లా ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. నేను మిషను వైపు తిరిగి కాగితం లేకుండానే టైపు కొడుతున్నాను, ఏడుపు బయటికి వినబడకూడదని.

"జాగర్తగా పెట్టండి," అంది రాజమ్మక్క ఆయనతో. "దీన్ని ఎవురూ కొట్టేయకుండా సూసుకోండి."